పాస్‌పోర్టు ఎవరిది వాళ్ల దగ్గరే

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక చీరల దుకాణం పైన, రెండో అంతస్తులో మా ట్రావెల్స్ ఆఫీసు. కిటికీ తెరిస్తే మెట్రో రైలు మన కళ్లకు సమానంగా పోతుంది. అది దాటేదాకా మాట ఆపాల్సిందే. మూసారాంబాగ్‌లో నేను సోషల్ చెప్పే ప్రైవేటు బడి మూతపడ్డాక ఇక్కడ టూర్ మేనేజరుగా చేరాను. యజమాని మా గుంటూరు వైపు మనిషే. బడిలో పదిహేనేళ్లు ఫొటోల్లో చూపించిన పిరమిడ్లను మొదటిసారి కళ్లారా చూసింది ఈ ఉద్యోగంలో చేరాకే.

ఈజిప్టు వెళ్లే ప్రతి బృందానికీ బయలుదేరడానికి పది రోజుల ముందు, ఆదివారం పొద్దున, ఆఫీసులోనే జాగ్రత్తలు చెబుతాను. ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో, నిద్రలో లేపినా చెప్పగలను. కొత్త బూట్లు వేసుకుని రాకండి, కొంటే ఈ రోజు నుంచే తొడుక్కుని పాలకేంద్రం దాకానైనా నడవండి. తలకు నూలు గుడ్డ తెచ్చుకోండి. నీళ్ల సీసా మూత సీలు మీరే విప్పి తాగండి. సమాధుల్లో గోడల మీది బొమ్మల్ని ముట్టుకోకండి, మన చేతి చెమట వేల ఏళ్ల రంగును తినేస్తుంది. ఒంటె ఎక్కే ముందే దిగడానికి కూడా బేరం ఆడుకోండి, పైకెక్కాక కిందికి దింపడం వేరే లెక్క. పిరమిడ్ లోపలి దారిలో నడుం వంచి నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయట నీడన కూర్చోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, పాస్‌పోర్టు. ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. భర్త దగ్గర భార్యది, కొడుకు దగ్గర తల్లిది అసలు వద్దు. ఒక సంచీ పోతే కుటుంబమంతా పరాయి దేశంలో ఇరుక్కుపోతుంది.

ఆ ఆదివారం పదకొండు మంది వచ్చారు. మూడో వరసలో ఒక కుటుంబం కూర్చుంది. చంపాపేట్ పాత ఊరివాళ్లు. వాళ్ల తాతల పొలాలన్నీ ఇప్పుడు ప్లాట్లు, ఆయన ఆ ప్లాట్ల వ్యాపారమే చేస్తాడు. నలభై ఏళ్లుంటాయి, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. పక్కన ముప్పై దాటిన భార్య, అటు పక్క ఆయన తల్లి. తల్లికి మోకాళ్లు బాగాలేవు, మెట్లెక్కి వచ్చాక చాలాసేపు ఆయాసపడింది. ఆయన మాత్రం నేనేం చెప్పినా ముందే తెలిసినట్టు తల ఊపుతున్నాడు. తన దోస్తులు పోయిన ఏడు పోయొచ్చారట.

చివర్లో వీసాలు పడిన పాస్‌పోర్టులు సంతకాలు పెట్టించుకుని పంచాను. మెడలో వేసుకునే చిన్న గుడ్డ సంచులు కూడా ఇచ్చాను. ఆమె సంతకం పెట్టి, పాస్‌పోర్టును సంచిలో పెట్టి, మెడలో వేసుకుని జాకెట్టు లోపలికి తోసుకుంది. ఆయన చెయ్యి చాచాడు. ఇవ్వమని నోటితో కూడా అనలేదు, వేళ్లు మాత్రం ఆడించాడు. ఆమె నా వైపు చూసి, "మేడం చెప్పింది కదా, ఎవరిది వాళ్ల దగ్గరనే ఉండాలని" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వి, అమ్మాయి పాఠం బాగా విన్నదన్నాను.

వాళ్లు బయటికి వెళ్లిన అర నిమిషానికి మెట్ల మీద దెబ్బ చప్పుడు వినిపించింది. చెంపదెబ్బ చప్పుడు నాకు బాగా తెలుసు. బడిలో పిల్లల్ని కొట్టిన చెయ్యి నాది. ఆ వెంటనే మనిషి మెట్ల మీద దొర్లిన చప్పుడు. పరుగున వెళ్లి చూస్తే ఆమె మలుపు దగ్గర గోడకు ఒరిగి పడి ఉంది. పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదికి కారుతోంది. ఆయన వంగి ఆమె జాకెట్టులోంచి సంచీని తాడుతో సహా లాగుతున్నాడు. తాడు మెడకు కోసుకుపోయింది. అత్త రెండు మెట్లు పైన కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన తలెత్తి నన్ను చూశాడు. "కాలు జారింది మేడం" అన్నాడు.

నేను, "మెల్లగా దిగండి" అన్నాను. అప్పుడు నా నోటి నుంచి వచ్చింది ఆ రెండు మాటలే. వాళ్లు దిగి వెళ్లిపోయారు. లోపలికొచ్చి కుర్చీలు సర్దాను. యజమాని వచ్చి, "వాళ్ల ఇంటి గొడవలు మనకెందుకు మేడం గారూ" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే వచ్చింది. బూట్ల గురించి అడగడానికి వచ్చానంది. పెదవి వాచి నల్లబడింది, మెడ చుట్టూ తాడు గీసిన ఎర్రటి గీత ఉంది. కూర్చున్నాక కొంగులోంచి పాస్‌పోర్టు తీసి నా బల్ల మీద పెట్టింది. ఆయన బీరువాలో దాచితే స్నానానికి పోయినప్పుడు తీసిందట. ఆధార్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్టు, బ్యాంకు పుస్తకం అన్నీ ఆ బీరువాలోనే ఉంటాయట. పెళ్లయి పన్నెండేళ్లయినా తన పేరున్న కాగితం ఒక్కటీ తన చేతిలో లేదని చెప్పింది. బయలుదేరే రోజు దాకా దీన్ని మా లాకరులో పెట్టమని అడిగింది.

యజమాని దూరం నుంచే వద్దని చెయ్యి ఊపాడు. నేను చూడనట్టు ఊరుకుని పాస్‌పోర్టు తీసుకుని, రసీదు రాసి ఇచ్చాను. ధైర్యంతో చేసిన పని కాదది. ఆదివారం నాడు నేనన్న రెండు మాటలు మనసులో ముల్లులా ఉన్నాయి.

వెళ్లే ముందు ఆమె పిరమిడ్ గురించి అడిగింది. లోపలి దారి ఎంత ఇరుకుగా ఉంటుంది, చీకటా, మధ్యలో వెనక్కి తిరగొచ్చా అని. భయమా అని అడిగాను. కోపమొస్తే ఆయన తనను మెట్ల కింద సామాను గదిలో వేసి తాళం పెడతాడట. ఒకసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచాడట. మామూలుగా అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను. ముందు నడిచేవాళ్ల మడమలు చూస్తూ నడవాలి, ముక్కుతో గాలి పీల్చి నోటితో వదలాలి, ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆమె శ్రద్ధగా విని, "గా గదిల గూడ గట్లనే చేస్త" అంది.

మర్నాడు, బుధవారం, భోజనాల వేళ ఆయన వచ్చాడు. ఆఫీసులో నేనూ యజమానీ మాత్రమే ఉన్నాం. ఆయన చొక్కా చేతి మీద రక్తం మరక ఉంది. అది ఎవరిదో అడగక్కర్లేకుండానే తెలిసింది.

"నా పెండ్లాం పాస్‌పోర్టు ఇయ్యి" అన్నాడు.

అది ఆవిడదని, ఆవిడే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలని చెప్పాను. నా బల్ల మీద ఈజిప్టు నుంచి తెచ్చుకున్న రాతి పిరమిడ్ బొమ్మ ఉండేది, అరచేయంత. దాన్ని తీసి విసిరాడు. కౌంటరు అద్దం పగిలి నా ఒడిలో కుప్పగా పడింది. యజమాని తలుపు దగ్గర నిలబడి, "అన్నా, వదిలెయ్ అన్నా" అంటూనే మెట్ల వైపు జరిగాడు. ఆయన బల్ల తిప్పుకుని వచ్చి నా జుట్టు పిడికిట పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. నుదురు మీద అద్దం పెంకులు గుచ్చుకున్నాయి. తాళం ఎక్కడని అడుగుతూ నా కుడి చెయ్యి వెనక్కి విరిచాడు. తాళాలు నా నడుముకే ఉన్నాయి, ఆయనకు తెలియదు. చెప్పాలనే అనుకున్నాను, ఒట్టు. చెప్పేలోపే మణికట్టులో ఎండు కట్టె విరిగినట్టు పుటుక్కుమంది.

నేను పెట్టిన కేక కిందికి వినబడింది. చీరల దుకాణంలో పనిచేసే నలుగురు మనుషులు పరుగున వచ్చారు. ఆయన్ని నా మీద నుంచి లాగి నేల మీద పడేశారు. తర్వాత కొట్టారు. మొహం మీద, పొట్టలో, వీపు మీద కాళ్లతో తన్నారు. వద్దని అనాల్సింది నేను. అనలేదు. ఎడమ చేత్తో నా స్టీలు నీళ్ల బాటిల్ తీసుకుని వాళ్ల మధ్యలోంచి దూరి ఆయన మొహం మీద కొట్టాను. పళ్లు విరిగిన చప్పుడు వినబడింది. ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకున్నాడు. మళ్లీ కొట్టాను. ఆ రెండోసారి నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ మరచిపోలేను. దుకాణంలో చీరలు మడతపెట్టే పెద్దాయన వెనక నుంచి నా నడుం పట్టుకుని, "చాలమ్మా, చస్తడు, చాలు" అంటూ పక్కకు లాగేశాడు.

దగ్గర్లోని ఆసుపత్రిలో నాకూ ఆయనకూ ఒకే నర్సు గాయాలు కడిగింది. మధ్యలో పచ్చ తెర. ఆయన మూలుగు నాకు, నా మూలుగు ఆయనకు వినబడుతూనే ఉన్నాయి. నా మణికట్టుకు సిమెంటు కట్టు వేశారు, నుదుటికి ఆరు కుట్లు. ఆయనకు ముందు పళ్లు రెండు పోయాయి, పక్కటెముక చిట్లింది.

సాయంత్రం పోలీస్ స్టేషన్‌లో కూర్చునేసరికి ఆయన తరఫువాళ్లు రెండు కార్లలో దిగారు. ఏడెనిమిది మంది పెద్దమనుషులు, అందరికన్నా ముందు ఆయన చిన్నాయన. అద్దం వేయిస్తాం, వైద్యం చేయిస్తాం, కేసొద్దని ఎస్‌ఐతో మర్యాదగానే మాట్లాడారు. నేను కొట్టిన సంగతీ మర్యాదగానే గుర్తు చేశారు. మా యజమాని నా చెవి దగ్గర వంగి, ఈ ఏరియాలో వాళ్లతో పెట్టుకుని బతకలేమని, రాజీకి రమ్మని బతిమాలాడు. నొప్పికి నా కళ్లు తిరుగుతున్నాయి. ఇంకో పది నిమిషాలైతే సంతకం పెట్టేదాన్నే.

అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఆయన తల్లి దిగి, కోడల్ని చెయ్యి పట్టి దింపింది. కోడలి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముక్కు మీద రక్తం ఎండి ఉంది, కుడికాలు నేలకు ఆనడం లేదు. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావో చెప్పమని పొద్దున ఆమెను బెల్టుతో కొట్టి, రసీదు దొరికాక మెట్ల కింద గదిలో వేసి తాళం పెట్టి మా ఆఫీసుకు వచ్చాడట. ఆయన వెళ్లాక ముసలామె వంటింట్లోని రోకలిబండ తెచ్చి తాళం మీద మోదింది. తాళం ఊడటానికి చాలాసేపు పట్టిందట. ఆమె అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి.

ముసలామె ఎవరి వైపూ చూడకుండా ఎస్‌ఐ బల్ల ముందుకు వెళ్లి నిలబడింది.

"రాసుకో సారు. నేను వాని తల్లిని. వాడు కొట్టిండు, బీగమేసిండు. బీగం పగలగొట్టింది నేనే. పన్నెండేండ్ల సంది సూస్తున్న."

చిన్నాయన లేచి దగ్గరికొచ్చాడు. "వదినె, ఇంటి ఇజ్జత్ గిట్ల బజార్ల పెడ్తరా" అన్నాడు.

ఆమె అప్పుడు తిరిగి ఆయన్ని చూసింది. గొంతు పెంచలేదు. "మీ అన్న నన్ను కొట్టినప్పుడు గూడ నువ్వు గిదే మాట చెప్పినవ్. ముప్పై ఏండ్లు ఇన్న. ఇగ ఇనను."

నేను రాజీ కాగితం పక్కన పెట్టేసి నా ఫిర్యాదు ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో రాశాను. నేను కొట్టింది అందులో రాయలేదు.

ఆయన్ని రిమాండుకు పంపారు. ప్రయాణానికి ఇంకా వారం ఉంది. అత్తా కోడళ్లు రద్దు చేసుకుంటారనుకున్నాను. మూడో రోజు ఫోను చేసి ముసలామె, తాము వస్తున్నామని, మోకాళ్లకు ఏ పట్టీ మంచిదని అడిగింది. కట్టుతోనే నేనూ బయలుదేరాను. యజమాని వద్దనలేదు. అప్పటికి నాతో సరిగా మాట్లాడటమే మానేశాడు.

కైరోలో పిరమిడ్ లోపలికి ఆమె వెళ్లింది. నేనే ముందు నడిచాను, నా మడమలు చూసుకుంటూ రమ్మన్నాను. ఇరవై అడుగులు వేశాక వెనక శ్వాస ఆగి ఆగి వినబడింది. తిరిగి చూస్తే గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. వెనక్కి వెళ్దామా అంటే తల ఊపింది. బయటికొచ్చి అత్త పక్కన నీడలో కూర్చుని వాంతి చేసుకుంది. ముసలామె కొంగు తడిపి ఆమె మొహం తుడుస్తూ, లోపల ఏముందని నన్ను అడిగింది. ఖాళీ రాతి తొట్టి ఒకటుందన్నాను. "గదానికింత తిప్పలా" అంది.

నదికి ఎగువన ఒక గుడి ఉంది. దాని ముందు గోడ నిండా రాజు బొమ్మ ఒకటే, తాటిచెట్టంత ఎత్తు. ఎడమ పిడికిట్లో ఒక గుంపు మనుషుల జుట్టు కలిపి పట్టుకుని, కుడిచేత్తో గద ఎత్తి కొట్టబోతుంటాడు. వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చేతులు పైకి చాచి ఉంటారు. ఎన్నో బృందాలకు దాన్ని చూపించి, ఇది రాజు విజయం, ఫొటో ఇక్కణ్నుంచి బాగా వస్తుందని చెప్పాను. ఆ రోజూ అదే మొదలుపెట్టాను. ఆమె మెల్లగా, "గా కింద కూసున్నోళ్లెవరు అక్కా" అని అడిగింది. అప్పటికి మేడం పోయి అక్క వచ్చేసింది. ఓడిపోయినవాళ్లు అన్నాను. పేర్లు ఉన్నాయా అంది. రాజు పేరు మాత్రం పదిచోట్ల చెక్కి ఉంటుంది. వాళ్ల పేర్లు నాకు తెలియవని చెప్పాను. బృందంలో మిగతావాళ్లు ఫొటోలు దిగుతున్నారు. నా నుదుటి కుట్ల చోట సలుపు మొదలైంది. నా జుట్టు పట్టుకున్న ఆయన పిడికిలీ, నేను బాటిల్ ఎత్తిన చెయ్యీ, రెండూ కలిసి ఆ గోడ మీద కనబడ్డాయి. ఆ రోజు మిగతా గుడి గురించి పెద్దగా ఏమీ చెప్పలేకపోయాను. అందరినీ తొందరగా బస్సు ఎక్కించాను.

తిరిగి వచ్చేసరికి ఆయన బెయిలు మీద బయటికొచ్చాడు. అత్తా కోడళ్లు ఆ ఇంటికి పోలేదు. చంపాపేట్‌లోనే ఇంకో గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. మొదటి నెలలో ఆయన రెండుసార్లు వచ్చి తలుపు మీద తన్నాడట. రెండోసారి ముసలామె కిటికీలోంచి మరిగే నీళ్లు పోసింది, ఆయన భుజం కాలింది. దాని మీద ఆయన కేసు పెట్టాడు. చీరల దుకాణంలో బిల్లులు రాసే పని ఒకటి ఖాళీ అయితే పెద్దాయనతో చెప్పి ఆమెకు ఇప్పించాను. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని పైకి వస్తుంది, ఇద్దరం కలిసి తింటాం. మెట్ల మీద మలుపు దగ్గర మాత్రం ఇప్పటికీ గోడ పట్టుకునే ఎక్కుతుంది.

పోయిన నెలలో ఎల్‌బీ నగర్ కోర్టులో నా సాక్ష్యం జరిగింది. ఆయన తరఫు వకీలు నెమ్మదస్తుడు. బాటిల్ గురించి అడిగాడు. కొట్టారా లేదా అన్నాడు. మా వకీలు ముందు రోజే నాకు చెప్పి ఉంచాడు, గుర్తు లేదనమని, గందరగోళంలో ఏం జరిగిందో తెలియదనమని. బోనులో నిలబడ్డప్పుడు ఆమె నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది.

"కొట్టాను" అన్నాను.

ఎన్నిసార్లు అని అడిగాడు.

"రెండుసార్లు. మొదటిది నన్ను నేను కాపాడుకోవడానికి కూడా కాదు, అప్పటికే ఆయన్ని కింద పడేసి ఉన్నారు. రెండోది కొట్టేటప్పటికి ఆయన తల దాచుకుని ఉన్నాడు."

మా వకీలు కాగితాల్లోకి చూసుకున్నాడు. నా మీద ఇప్పుడు విడిగా ఒక కేసు నడుస్తోంది. శిక్ష పడితే పడనీ అని అనుకోవడం తేలికే గాని, సమన్లు వచ్చిన ప్రతిసారీ విప్పకుండా డ్రాయరులో పెట్టేసి సాయంత్రం గాని చదవను. తీర్పులు ఏవీ ఇంకా రాలేదు.

ఆ రోజు బయటికొచ్చాక ఆమె, రెండో దెబ్బ సంగతి ఎందుకు చెప్పినవని అడిగింది. కొట్టాను కాబట్టి అన్నాను. ఆమె నా సంచీ అందుకుంది. మెట్రోకు నడుద్దామని గేటు వైపు తిరిగాం. ముసలామె మాతో రాలేదు. చూస్తే ఆవరణకు అటువైపు, చెట్టు కింద నిలబడ్డ కొడుకు దగ్గరికి కుంటుకుంటూ పోతోంది. ఆయన మనుషులు పక్కకు జరిగి దారి ఇచ్చారు. కొత్తగా కట్టించుకున్న పళ్ల వల్ల ఆయన నోరు కొంచెం ముందుకొచ్చి ఉంది. ఆమె ఆయన ముందు ఆగి, తలెత్తి ఆ నోటిని కాసేపు చూసింది.

"తిన్నవా?" అంది. మా దాకా వినబడింది.

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె మళ్లీ అంత దూరం కుంటుకుంటూ మా దగ్గరికి వచ్చింది. కోడలు చెయ్యి అందించింది. ముగ్గురం స్టేషన్ లిఫ్టు ఉన్న వైపుకు నడిచాం.